అశ్వశాఖలో మెరుపు పథకం

ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున, కబుర్లు మోయడానికే పదకొండు గుర్రాలు ఉండేవి. ఎగువన వరదొస్తే దిగువకి కబురు, తూర్పున కార్చిచ్చు రేగితే పడమటికి కబురు, వేటగాళ్ల జీపు కనబడితే అందరికీ కబురు. ఆ పదకొండింటినీ కలిపి అశ్వశాఖ అనేవారు.

శాఖ అన్నాక అధికారి ఉండాలి కదా. భూషణం గారనే ఎలుగుబంటి ఉండేవారు. ఆయనకి పరుగు రాదు. అందుకని పరిగెత్తేవాళ్ల మీద అధికారిగా వేశారు.

గుర్రాల్లో అందరికన్నా పెద్ద భద్రయ్య. ఆరేళ్ల కిందట వాగు పొంగినప్పుడు రెండు పగళ్లు ఆగకుండా పరిగెత్తి దిగువ జింకల మందనంతా గట్టెక్కించినవాడు. ఇప్పుడు పళ్లు అరిగిపోయి, అరిగినవి వంకరగా పదునెక్కి, మేత నమిలితే బుగ్గ తెగేది. సగం నోట్లోంచి కిందపడేది. పక్కటెముకలు బయటికొచ్చాయి.

అతని పక్కనే కట్టుగొయ్య చుక్కమ్మది. నుదుట తెల్లచుక్క ఉన్న నడివయసు గుర్రం. మాట నెమ్మది, చూపు చురుకు.

ఒకరోజు పొరుగు అడవి నుంచి రాయబారిగా నెమలి వచ్చింది. విందు తిని, గుర్రాల వైపు చూసి, "పాపం, మీ గుర్రాలకి ఏదైనా తెగులు సోకిందా? బూడిదలో పొర్లి లేచినట్టున్నాయే!" అని వెళ్లిపోయింది.

ఆ పూట సింహం రాజావారు భోజనం ముట్టలేదు. అందువల్ల ఒక దుప్పి ప్రాణం దక్కింది గానీ ఆ సంగతి ఎవరూ నమోదు చేయలేదు. అందరూ నమోదు చేసింది రాజావారి మాటే.

"యాభై రోజుల్లో నా పట్టాభిషేక దినం. ఆ రోజు నా గుర్రాలు మెరవాలి."

భూషణం గారు వెంటనే సమావేశం పెట్టారు.

"ఎందుకు మెరవడం లేదు మీరు?" అని గుర్రాలను అడిగారు, అది వాటి క్రమశిక్షణకి సంబంధించిన విషయమన్నట్టు.

చుక్కమ్మ ముందుకొచ్చింది. "అయ్యగారూ, పడమటి బయలు మాకు తిరిగిప్పించండి. పచ్చిమేత పడితే వెంట్రుక దానంతటదే నునుపు తేరుతుంది. నాకడానికి ఇంత ఉప్పురాయి పెట్టించండి. వడ్రంగిపిట్టని పిలిపించి భద్రయ్య బాబాయి పళ్లు చదును చేయించండి. ఇంతే."

"పడమటి బయలు అతిథి గృహానికి కేటాయించాం కదా."

"అతిథులెవరూ రాలేదు కదండీ. నెమలిగారు కూడా విందు తిని అటే ఎగిరిపోయారు."

"రేపు వస్తే?" అన్నారు భూషణం గారు. "అయినా బయలు సంగతి వేరు, మెరుపు సంగతి వేరు. రెండూ కలపకు. మెరుపు గురించి తెలిసిన నిపుణుడు వస్తున్నాడు."

నిపుణుడి పేరు పరిమళరావు. పునుగుపిల్లి. ఆయన వస్తున్నాడంటే ముందు వాసన వచ్చేది, తరవాత ఆయన వచ్చేవాడు. పట్నంలో పందేల గుర్రాల సాల పైకప్పులో మూడు నెలలు కాపురం ఉన్నాడట. పెంకుల సందులోంచి అంతా చూశాడట.

"అక్కడి గుర్రాలని చూడాలండీ, అద్దాలే!" అన్నాడు పరిమళరావు. "రోజూ సీసా తెస్తారు. మేతలో నూనె పోస్తారు. అవిసె నూనె ఒకరోజు, తవుడు నూనె ఒకరోజు. పైన ఏవో చూర్ణాలు. అంతే, మెరుపు!"

"ఆ మేత ఏమిటండీ?" అని అడిగింది చుక్కమ్మ.

"ఏ మేత?"

"నూనె పోసే మేత."

పరిమళరావు కొంచెం ఆలోచించాడు. పైకప్పులోంచి చూడడం వల్ల ఆయనకి ఎత్తిన సీసా కనబడింది గానీ, గాడిలో పరిచిన పచ్చగడ్డీ, ఉలవలూ కనబడలేదు. "మేత అనేది స్థానికంగా సర్దుకునే విషయం," అన్నాడు.

ఆ జవాబు భూషణం గారికి బాగా నచ్చింది. పథకం మంజూరైంది. ఉడతలు నువ్వులు, అవిసెలు, ఇప్పగింజలు ఏరాలి. ఏనుగులు తొక్కి నూనె తీయాలి. ఎండిన వేళ్లూ బెరళ్లూ దంచి అయిదు చూర్ణాలు చేయాలి. చూర్ణాల్లో ఏముందో పరిమళరావుకే తెలుసు. ఎవరైనా అడిగితే, చెబితే గుణం పోతుందనేవాడు.

ప్రారంభం రోజున గుర్రాలను వరసగా నిలబెట్టారు. ఒక్కొక్కదాని ముందు నిండు కుండ నూనె.

చుక్కమ్మ కుండలోకి చూసి బెదిరింది. "అయ్యగారూ, నూనె మంచిదే, కాదనను. కానీ మొదటిరోజు ఒక గరిటె, వారానికి ఇంకో గరిటె, అలా అలవాటు చేయాలి. ఒక్కసారే ఇంత పోస్తే కడుపు ఒప్పుకోదు. నూనె అరగడానికి మా గుర్రాలకి పిత్తాశయం కూడా లేదండీ."

"లేకపోతే అర్జీ పెట్టుకోండి. మంజూరు చేస్తాం," అన్నారు భూషణం గారు. "ప్రారంభం ఘనంగా ఉండాలి. తాగండి!"

తాగాయి. భూషణం గారు ఉపన్యాసం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఆయన ఉపన్యాసం చిన్నదైతే గంట. మధ్యలో తోకల నునుపు గురించి వివరించాల్సి వచ్చి గుర్రాల వెనక్కి వెళ్లి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే పదకొండు కడుపులూ ఒకేసారి జవాబిచ్చాయి.

ఉపన్యాసం అక్కడితో ఆగింది. భూషణం గారిని వాగులో మూడు మునకలు వేయించారు. గుర్రాలు నాలుగు రోజులు నిలబడలేకపోయాయి. ఆ నాలుగు రోజుల్లో ఎగువన చిన్న వరదొచ్చింది. కబురందక కుందేళ్ల బొరియలు ఏడు మునిగిపోయాయి. కుందేళ్లు గుట్ట మీదికి చేరి తడిసిన పిల్లల్ని ఎండకి ఆరబెట్టుకుంటూ అశ్వశాఖని తిట్టుకున్నాయి. ఆ తిట్లు కూడా నమోదు కాలేదు.

అయిదో రోజు పరిమళరావు కొత్త సూత్రం కనిపెట్టాడు.

"లోపల పోసింది బయటికే వస్తోంది కదండీ. అలాంటప్పుడు మొదటే బయట రాసేస్తే పోలా?"

భూషణం గారు ఆయన్ని కౌగిలించుకున్నారు. "మరి లోపలికి పోయాల్సిన నూనె?"

"ఉంటుంది."

"ఎక్కడ?"

"మన దగ్గర. పరీక్ష నిమిత్తం."

ఆ రోజు నుంచి గుర్రాలకి ఒంటి నిండా గరిటెడు నూనె రాసి, కుండెడు నూనె పరీక్ష నిమిత్తం అధికారుల గుహకి చేర్చేవారు. రొట్టెలో నంచుకుని పరీక్షించారు. తేనెలో కలుపుకుని పరీక్షించారు. ఇప్పపువ్వుతో కలిపి కూడా పరీక్షించారు. ఆ పరీక్షలు ఎక్కువసేపు జరిగేవి.

ఇక మెరుపు కొలవాలి. దానికి ముఖపరీక్ష పెట్టారు. పది రోజులకోసారి భూషణం గారు గుర్రం పక్కన నిలబడతారు. దాని ఒంట్లో ఆయన మొహం కనబడితే గుర్రం పాసు. కనబడకపోతే తప్పు. మూడు తప్పులైతే ఆ గుర్రాన్ని విశ్రాంతి గుహకి పంపుతారు.

విశ్రాంతి గుహ కొండ వెనక ఉంది. దాన్ని హైనా చూసుకునేది. అక్కడికి విశ్రాంతికి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. తిరిగొచ్చి ఎలా ఉందో చెప్పినవాళ్లు లేరు.

ముఖపరీక్షలో పది గుర్రాలు ఎలాగో నెగ్గుకొచ్చాయి. నూనెకి దుమ్ము అంటుకునేది, ఈగలు ముసిరేవి, ఎండలో ఒళ్లు మండేది. అయినా తుడిచి తుడిచి మొహం కనబడేలా చేసుకున్నాయి. భద్రయ్యకే కుదరలేదు. తిండి ఒంటికి పట్టక వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉండేవి. ఎంత రాసినా ఎండు గడ్డి మీద నీళ్లు చల్లినట్టే ఉండేది.

మొదటి తప్పు పడింది. రెండో తప్పు పడింది. మూడో పరీక్ష పట్టాభిషేక దినాన.

ఆ వారం భద్రయ్య మేత మానేశాడు.

"బాబాయ్, రెండు పరకలైనా తిను," అంది చుక్కమ్మ.

"ఎందుకే? ఆ గుహకి పోయేవాడికి కడుపు నిండితే హైనాకే లాభం," అన్నాడు భద్రయ్య. నవ్వబోయి, బుగ్గ తెగి, ఆగిపోయాడు. "వరదొచ్చిన రోజు ఎవడూ నా ఒంట్లో మొహం చూసుకోలేదు చుక్కా. కాళ్ల వంకే చూశారు."

చుక్కమ్మ అతని మెడ మీది ఈగల్ని తన తోకతో తోలింది.

అంతలో వాన పడింది. గట్టి జల్లు. గుర్రాల మీది నూనె కారిపోయి, అందరూ మళ్లీ బూడిదరంగుకి తిరిగారు. ఆ వానలోనే తడుస్తూ భూషణం గారూ పరిమళరావూ గుహ నుంచి వచ్చారు. వాన వెలిసింది. ఎండ కాసింది. తడిసిన ఎలుగుబంటి మిలమిలా మెరిసింది. ఆ పక్కన పునుగుపిల్లి ఇంకా మెరిసింది. ఎంత విదిలించుకున్నా ఆ మెరుపు పోలేదు.

చుక్కమ్మ ఆ ఇద్దర్నీ తల నుంచి కాళ్ల దాకా చూసింది. కడుపులు కూడా చూసింది. అవి కూడా బాగానే పెరిగాయి.

"బాబాయ్," అంది మెల్లిగా, "నువ్వు గుహకి పోవడం లేదు. కానీ నేనేం మాట్లాడినా నువ్వు నోరెత్తకు."

మర్నాడు పొద్దున్నే భూషణం గారి దగ్గరికి వెళ్లింది. "అయ్యగారూ, రాజావారికి పంపిన నివేదికలో పదకొండు గుర్రాలూ మెరుస్తున్నాయని రాశారట. నిజమేనా?"

"రాశాం. అయితే?"

"ఏం లేదండీ. ఉత్సవం రోజున భద్రయ్య మెరవకపోతే రాజావారు లెక్క పెట్టుకుంటారేమోనని. పది దాకా ఆయనకి బాగానే వచ్చంటారు."

భూషణం గారి మొహం వాడింది. పరుగు రాని ఆయన ఆ రోజు పరిగెత్తారు. పరిమళరావుని లాక్కొచ్చారు. ఇద్దరూ భద్రయ్యని పట్టుకున్నారు. నిక్కబొడిచిన వెంట్రుకల మీద ముందు తుమ్మజిగురు పూసి అణిచారు. దాని మీద ఇప్పనూనె, దాని మీద తేనెమైనం, దాని మీద మళ్లీ నువ్వుల నూనె. ఉడుంతోలుతో రుద్దారు. రుద్దినకొద్దీ భద్రయ్య మెరిశాడు. చివరికి ఈగ వాలబోయి, జారి, సిగ్గుపడి వెళ్లిపోయింది.

పట్టాభిషేక దినం వచ్చింది. అడవి అడవంతా వాగు ఒడ్డున చేరింది. రాజావారు పదకొండు గుర్రాల ముందు నుంచి నడిచారు. ప్రతి గుర్రంలోనూ తన మొహం చూసుకున్నారు. భద్రయ్య దగ్గర ఆగిపోయారు.

"ఇందులో నా జూలు కూడా కనబడుతోందే! మీసాలు విడివిడిగా కనబడుతున్నాయి!" అన్నారు. "ఊరేగింపు దీని మీదే."

భూషణం గారు గుటకలు మింగారు. మెరుపు రాజావారు చూస్తారనుకున్నారు గానీ ఎక్కుతారనుకోలేదు. వద్దంటే నివేదిక అబద్ధమవుతుంది.

"చిత్తం," అన్నారు. "ఒక చిన్న మనవి ప్రభూ. గోళ్లు లోపలికి తీసుకోండి. పూత... అదే, ఒంటి నిగారింపు గీరుకుపోతుంది."

రాజావారు గోళ్లు ముడుచుకుని భద్రయ్య వీపు మీదికి దూకారు. అంతే వేగంగా అవతలి పక్కనుంచి దిగిపోయారు.

ఎవరూ నవ్వలేదు. అందరూ ఆకాశం వంక చూశారు.

రెండోసారి ఏనుగు తొండంతో ఎత్తి జాగ్రత్తగా కూర్చోబెట్టింది. రాజావారు కూర్చున్నారు. చేయి ఊపారు. ఊపిన చేతి వైపుకే మెల్లిగా, హుందాగా, ఆగకుండా జారిపోయారు.

మూడోసారి రెండు దున్నపోతులు అటూ ఇటూ కాపు నిలబడ్డాయి. పక్కలకి దారి లేకపోవడంతో రాజావారు వెనక్కి జారారు. తోక మీదుగా వెళ్లి వాగు గట్టు బురదలో కూర్చున్నారు. ఒక కప్ప తట్టుకోలేక బెకబెకమంది. దాంతో అడవంతా పగలబడి నవ్వింది. కుందేళ్లయితే చాలా రోజుల తరవాత నవ్వాయి.

రాజావారు గర్జించారు. నవ్వు ఆగింది.

"ఎవరిదీ పని?"

"గుర్రానిదే ప్రభూ," అన్నారు భూషణం గారు చప్పున. "ముసలిది. నిలకడ లేదు. దీని పేరు విశ్రాంతి గుహ జాబితాలో ముందే ఉంది."

భద్రయ్య నోరెత్తకూడదనుకున్నాడు. కానీ ఉండబట్టలేదు. "మెరవమన్నారు ప్రభూ, మెరిశాను. నడవమంటే నడిచేవాణ్ని. మోయమంటే మోసేవాణ్ని. జిగురూ మైనం పూసి మెరవమన్నారు."

రాజావారు తన పంజా చూసుకున్నారు. నూనె. వాసన చూశారు. నువ్వులు. కోపం నషాళానికి ఎక్కింది. "అయితే నూనెతో మెరిసే ప్రతివాణ్నీ గుహకి పంపండి! అందర్నీ!"

పది గుర్రాలూ గజగజలాడాయి. హైనా నాలుక తడుపుకుంది. ఇంత దూరం వస్తుందని చుక్కమ్మ అనుకోలేదు. అయినా అడుగు ముందుకేసింది.

"తమ ఆజ్ఞ ప్రభూ. కానీ నూనె రెండు రకాలుగా మెరుస్తుంది. ఒంటికి రాస్తే కడిగితే పోతుంది. నెలకి పైగా కడుపులోకి వెళితే వెంట్రుక మొదలు నుంచి నిగారిస్తుంది, ఎంత కడిగినా పోదు. పథకం కాగితంలో నూనె గుర్రాల కడుపుకని రాసి ఉంది. అది ఎవరి కడుపుకి చేరిందో తేల్చి, అప్పుడు గుహకి పంపండి. పథకంలో ఉన్న పదమూడు మందినీ కుంకుడుకాయలతో రుద్దించండి."

"పదకొండు కదా?" అన్నారు రాజావారు.

"అధికారులతో కలిపి పదమూడండీ."

"నాకు జలుబు," అన్నారు భూషణం గారు.

"నాకు నీళ్లు పడవు," అన్నాడు పరిమళరావు.

"రుద్దండి!" అన్నారు రాజావారు.

ఉడతలు బస్తాలకొద్దీ కుంకుడుకాయలు తెచ్చి నలగ్గొట్టాయి. ఏనుగులు తొండాలతో నీళ్లు చిమ్మాయి. కోతులు కొబ్బరిపీచుతో రుద్దాయి. వాగంతా నురగ. భద్రయ్య మీది జిగురు పొలుసులు పొలుసులుగా ఊడింది. గుర్రాలు ఒక్కొక్కటే గట్టెక్కాయి. పదకొండూ బూడిదరంగు. ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు.

తరవాత భూషణం గారు గట్టెక్కారు.

ఎండ ఆయన మీద పడింది. ముందు వరసలోని కోతులు కళ్లకి చేతులు అడ్డం పెట్టుకున్నాయి. పొట్ట నల్లటి అద్దంలా ఉంది. ఆ వెనకే పరిమళరావు, పట్టుగుడ్డలో చుట్టినట్టు. రాజావారు దగ్గరికొచ్చి ఎలుగుబంటి పొట్టలోకి చూశారు. బురద చిందిన తన మొహం స్పష్టంగా కనబడింది.

"భూషణం! పథకం బ్రహ్మాండంగా పనిచేసిందయ్యా!"

"చిత్తం, తమ దయ," అన్నారు భూషణం గారు అలవాటు కొద్దీ.

"ఎవరి మీద?"

పరిమళరావు గొంతు సవరించుకున్నాడు. "గుర్రాలకి ఇచ్చే ముందు మేం పరీక్షించి చూశాం ప్రభూ."

"ముప్పైఅయిదు రోజులా?"

"క్షుణ్ణంగా చేశాం ప్రభూ."

రాజావారు ఆ ఇద్దర్నీ గుహకి పంపుతారని హైనా లేచి నిలబడింది. కానీ ఆయన ఇంకోలా ఆలోచించారు. అడవికి కబుర్లు ఆగకూడదు, గుర్రాలకి పరిగెత్తే ఓపిక లేదు. పథకం వల్ల బలపడినవాళ్లు ఇద్దరే ఉన్నారు. అందుకని గుర్రాలు కోలుకునేదాకా కబుర్లు మోసే పని వాళ్లకే అప్పగించారు. పడమటి బయలు గుర్రాలకి విడిచిపెట్టమన్నారు. విశ్రాంతి గుహ జాబితా బురదలో నానిపోయిందని ఎవరో చెబితే, మళ్లీ రాయొద్దన్నారు. అది దయ అని కొందరన్నారు. ఆ జాబితా గుర్తొచ్చినప్పుడల్లా జారిపడ్డ సంగతి గుర్తొస్తుందని కొందరన్నారు.

ఆ వానాకాలమంతా అడవిలో ఒక వింత కనబడేది. ఎలుగుబంటి ఒకటి రొప్పుతూ, ఆగుతూ, "వరదొస్తోందర్రా" అని కేకేస్తూ పోయేది. దాని ముందు పునుగుపిల్లి ఉరికేది. వాసన రాగానే అందరూ గుట్టలెక్కేసేవారు. కబురు ఎప్పుడూ ఇంత తొందరగా అందలేదని కుందేళ్లు మెచ్చుకున్నాయి.

వడ్రంగిపిట్ట వచ్చి, భద్రయ్య దవడలో కూర్చుని, మూడు పూటల్లో పళ్లు చదును చేసింది. "ఇంతకాలం ఎందుకు పిలవలేదు?" అని అడిగింది. భద్రయ్య నోటినిండా పచ్చగడ్డి ఉంది. చుక్కమ్మ పక్కనే మేస్తూ, అతను ఒక్క పరక కూడా కిందపడకుండా నమలడం చూసి, అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

వానలు తగ్గేసరికి పదకొండు గుర్రాలూ నిగనిగలాడాయి. అశ్వశాఖకి కొత్తగా వచ్చిన ముంగిస అధికారి బయలు గట్టున నిలబడి చాలాసేపు చూశాడు. ఆ సాయంత్రమే నివేదిక పంపాడు: "మెరుపు పథకం రెండో విడత నూటికి నూరుపాళ్లు విజయవంతం. మూడో విడతకి నూనె పంపగలరు."

ఈ కథ విన్నవాళ్లు తీసుకెళ్లాల్సిన మాట ఒకటుంది: పథకం ఫలించిందో లేదో తెలియాలంటే గుర్రాన్ని చూడక్కర్లేదు, అధికారిని కుంకుడుకాయలతో రుద్ది చూస్తే చాలు.